హోజరీయా? నేత గుడ్డా? సరఫరాదారు ముందున్న లెక్క

విజయవాడ: రెడీమేడ్ కుట్టు కేంద్రాలకు గుడ్డ సరఫరా చేసే మధ్యతరహా వర్తకుల వద్ద పెట్టుబడి అంతంత మాత్రం. ఆ సొమ్మును తిరుప్పూరు హోజరీ గుడ్డ మీద పెట్టాలా, సిరిసిల్ల, నగరి, ఈరోడ్ వంటి చోట్ల మరమగ్గాల నేత మీద పెట్టాలా అన్నది సీజను ముందు తేల్చుకోవలసిన విషయం. రెండూ గుడ్డే కదా అన్న ధీమాతో దిగినవారు మొదటి లోడుకే దెబ్బ తినడం కద్దు.

అసలు చిక్కు కొలతలో ఉన్నది. నేత గుడ్డను మీటర్లలో కొని మీటర్లలోనే అమ్ముతారు. హోజరీని కిలోల్లో కొనాలి. కుట్టేవాడికి కావలసింది మాత్రం గుడ్డ విస్తీర్ణం. చదరపు మీటరుకు 180 గ్రాముల రకం, ఒకటిన్నర మీటర్ల పన్నా అనుకుందాం. మీటరు పొడవు 270 గ్రాములు తూగుతుంది. 500 కిలోలకు సుమారు 1,852 మీటర్లు రావాలి. మిల్లు నుంచి 190 గ్రాముల సరకు దిగితే అదే 500 కిలోలకు వచ్చేది 1,754 మీటర్లే. తూకం సరిగానే ఉంది, బిల్లూ సరిగానే ఉంది, 98 మీటర్లు మాత్రం గాలికి పోయాయి! చెమ్మ ఎక్కిన గుడ్డయితే నీటికి కూడా నూలు ధర కట్టినట్టే.

దీనికి మందు ఉన్నది. 100 చదరపు సెంటీమీటర్ల గుండ్రటి ముక్క కోసే కట్టరు, చిన్న త్రాసు ఉంటే చాలు. ముక్క 1.80 గ్రాములు తూగితే గుడ్డ 180 గ్రాములదని అర్థం. అన్‌లోడింగ్ దగ్గరే నాలుగైదు రోల్సు చూడడం మంచిది. ఒక ముక్కను ఉతికి ఆరబెట్టి, ఎంత కుంచించిందో, అంచు ఎంత వంకర తిరిగిందో కూడా చూడాలి. ఒంటిపొర జెర్సీలో ఈ వంకర బెడద ఎక్కువ.

హోజరీకి ఉన్న సుగుణం వేగం. కోనుల నుంచి నూలు నేరుగా యంత్రానికి ఎక్కుతుంది. నేతలో పడుగు పోయాలి, గంజి పట్టించాలి, బీము ఎక్కించాలి. అందుచేత కొత్త డిజైను కొద్దిపాటి సరకుగా కావాలంటే మగ్గం వైపు నుంచి జవాబు ఆలస్యంగా వస్తుంది. అయితే అద్దకం దగ్గర హోజరీ వర్తకుడూ ఆగక తప్పదు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఉత్తర్వుతో తిరుప్పూరు అద్దకం యూనిట్లు మూతపడినపుడు అల్లిన గుడ్డ రంగు కోసం ఎదురుచూడవలసి వచ్చింది.

ఇక మిగులు సరకు. నేత గుడ్డ ముక్కలు రవికెలకో, లైనింగుకో, దిండు గలీబులకో పోతాయి. మన పేరంటాల పుణ్యమా అని ఆ ముక్కలకు ఏడాది పొడుగునా బేరమే. రంగు లాటు కలవని హోజరీ రోల్సును మాత్రం కిలోల లెక్కన తెగనమ్మవలసిందే.

కొద్ది పెట్టుబడివారు నేతతో మొదలుపెట్టడమే క్షేమమని ఈ విలేఖరికి తోస్తున్నది. టీ షర్టులకో, పిల్లల దుస్తులకో స్థిరంగా కొనే ఖాతాదారు ఒకరు కుదిరాక హోజరీకి చేయి చాచవచ్చు. అప్పుడైనా చదరపు మీటరు బరువు, పన్నా, కుంచింపు హద్దు, ఈ మూడూ ఆర్డరు కాగితం మీద రాయించుకున్న తర్వాతే అడ్వాన్సు పంపాలి.