సిటీ బస్సు నష్టం ఎవరి జేబులోంచి?

హైదరాబాద్: నెలకు రూ.1,150 ఉన్న ఆర్డినరీ బస్‌పాస్ 2025 జూన్‌లో రూ.1,400 అయింది. అదే ఏడాది అక్టోబర్ 6 నుంచి సిటీ బస్సుల్లో మొదటి మూడు స్టేజీలకు రూ.5, నాలుగో స్టేజీ నుంచి రూ.10 చొప్పున టికెట్ కూడా పెరిగింది. షాహీన్ నగర్‌లో ఉంటూ బేగంబజార్‌లో హమాలీ పనికి వెళ్లే మనిషికి ఇది చిన్న లెక్క కాదు.

"ఆడవాళ్లకు ఫ్రీ ఇచ్చి మగవాళ్ల దగ్గర గుంజుతున్నారు" అనే మాట బస్సుల్లో తరచూ వినిపిస్తుంది. కానీ ఇందులో సగమే నిజం. మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్‌లో మొదలైంది. జీరో టికెట్ డబ్బు ఆర్టీసీకి ఇవ్వాల్సింది ప్రభుత్వం. సిటీ బస్సుల నష్టం మాత్రం అంతకు చాలా ముందు నుంచే ఉంది.

కారణం కష్టమైనదేమీ కాదు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్న బస్సు రోజుకు తిరగాల్సిన ట్రిప్పులు తిరగలేదు. డ్రైవర్, కండక్టర్ జీతాలు మాత్రం తగ్గవు. పొద్దున సిటీ వైపు కిక్కిరిసి వచ్చిన బస్సు శివారుకు దాదాపు ఖాళీగా తిరిగి వెళ్తుంది. ఊరు ఎంత దూరం పాకితే ఈ ఖాళీ కిలోమీటర్లు అంత ఎక్కువ. అందుకే పెద్ద నగరాల్లో టికెట్ డబ్బుతోనే బస్సులు నడవడం అరుదు.

ఈ నష్టాన్ని జీహెచ్‌ఎంసీ భరించాలని 2015లో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఆలోచన మంచిదే. కానీ కార్పొరేషన్ రూ.336 కోట్లు ఇచ్చి ఆగిపోయింది. 2019 సమ్మె సమయంలో ఈ లెక్క హైకోర్టు ముందుకు వస్తే, తమ దగ్గర డబ్బు లేదని చేతులెత్తేసింది. పైగా ఆ ఏర్పాటు జీహెచ్‌ఎంసీ ఒక్కదానితోనే. శంషాబాద్, జల్‌పల్లి, ఘట్‌కేసర్‌కూ అవే బస్సులు వెళ్తున్నా అక్కడి మున్సిపాలిటీల వాటా గురించి ఎవరూ మాట్లాడలేదు.

అక్టోబర్ పెంపునకు ఆర్టీసీ చెప్పిన కారణం ఎలక్ట్రిక్ బస్సులకు కావాల్సిన డిపోలు, చార్జింగ్ ఏర్పాట్లు. అకౌంట్స్ భాషలో ఇది పెట్టుబడి ఖర్చు. ఏళ్ల తరబడి పనికొచ్చే ఆస్తికి ఇవాళ బస్సెక్కిన కూలీ దగ్గర డబ్బు వసూలు చేస్తున్నారన్నమాట. మెట్రో విషయంలో ఇలా చేయరు. 76.4 కిలోమీటర్ల రెండో దశకు రూ.24,269 కోట్ల ప్రతిపాదనలో 30 శాతం రాష్ట్రానిది, 18 శాతం కేంద్రానిది, 48 శాతం అప్పు, మిగతాది ప్రైవేటు వాటా. మొదటి దశలో రావాల్సి ఉండి ఆగిపోయిన పాతబస్తీ లైను, ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా, ఇందులోనే ఉంది. మొదటి దశను ఎల్‌అండ్‌టీ నుంచి తీసుకుంటూ దాదాపు రూ.13,000 కోట్ల అప్పును నెత్తినెత్తుకోవడానికి 2025 సెప్టెంబర్‌లో రాష్ట్రం ఒప్పుకుంది. అంత భారం మోయగలిగిన సర్కారుకు బస్సు దగ్గరికి వచ్చేసరికి టికెటే గుర్తొస్తోంది.

మరి ఎవరు కట్టాలి? బస్సు వల్ల లాభపడేది ఎక్కేవాళ్లు మాత్రమే కాదు. మెట్రో స్టేషన్ పక్కన, మంచి రోడ్డు పక్కన భూమి ధర పెరుగుతుంది. ఆ లాభం యజమానికీ బిల్డర్‌కూ పోతుంది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ పనులకు దూరం నుంచి మనుషులు రాకపోతే ఆ ఆఫీసులు నడవవు. పారిస్ ప్రాంతంలో 11 మంది, అంతకంటే ఎక్కువ మంది ఉద్యోగులున్న సంస్థలు జీతాల మొత్తంపై కొంత శాతం రవాణా కోసం కట్టాలి. 1971 నుంచి ఇదే పద్ధతి. ముంబైలో బెస్ట్ బస్సులకు బీఎంసీ తన బడ్జెట్‌లోంచి గ్రాంట్లు ఇస్తుంది.

ఇక్కడ హెచ్‌ఎండీఏ కింద హుమ్టా అనే ఉమ్మడి రవాణా సంస్థ ఉంది. అయినా ఆర్టీసీ, మెట్రో, ఎంఎంటీఎస్ పద్దులు ఇప్పటికీ వేర్వేరు. ఎంఎంటీఎస్ రెండో దశ ఏళ్ల తరబడి సాగడానికి రాష్ట్రం తన మూడింట రెండొంతుల వాటా సమయానికి ఇవ్వకపోవడం పెద్ద కారణం.

2025 చివర్లో ఓఆర్‌ఆర్ లోపల, దాని పక్కన ఉన్న 27 పట్టణ స్థానిక సంస్థలను జీహెచ్‌ఎంసీలో కలిపారు. జల్‌పల్లి కూడా అందులో ఉంది. ఇంటిపన్ను, బిల్డింగ్ పర్మిషన్ ఫీజుల్లో కొంత భాగాన్ని బస్సుల కోసమే పక్కన పెట్టడానికి ఇంతకంటే అనువైన సమయం దొరకదు. అయితే ఈ ప్రాంతాన్ని ఎన్ని కార్పొరేషన్లుగా విడగొట్టినా రవాణా నిధి ఒక్కటే ఉండాలి. లేదంటే గచ్చిబౌలి పన్ను గచ్చిబౌలిలోనే ఖర్చవుతుంది, షాహీన్ నగర్ స్టాపులో మనిషి పెరిగిన చార్జీ చేతిలో పట్టుకుని బస్సు కోసం చూస్తూనే ఉంటాడు.