కారుకు తోలు వేరు, బొక్క వేరు: ఏడ కంపెనీ పార్ట్ వెయ్యాలె, ఏడ లోకల్ నడుస్తది

వానకాలం పంట చేతికొచ్చిందంటే మన రోడ్లే కల్లాలయితయి. నర్సంపేట దిక్కు పోయినా, పరకాల దిక్కు పోయినా సగం రోడ్డు మీద వడ్లు, వడ్ల చుట్టు రాళ్లు. రాత్రిపూట ఎదురుంగ లారీ లైటు పడితే ఆ రాయి కనవడదు. బంపర్ పగులుతది, ఫెండర్ సొట్ట పడ్తది. మేడారం జాతర ఏడాదైతే ఇగ చెప్పేదే లేదు, కిరాయికి తిరిగిన కార్లల్ల గీత పడని బండిని ఎతుక్కోవాలె.

కిస్తీల మీద కారు కొని నడుపుకునే పిలగానికి అప్పుడు రెండు దార్లు. షోరూమోళ్లు "బయట చేయిస్తే వారంటీ పోతది" అని బెదిరిస్తరు. ఆటోనగర్ల "కంపెనీది దండుగ అన్నా, ఇది గూడ అదే" అంటరు. రెండు మాటలల్ల సగం నిజం, సగం యాపారం. ఏది ఎంతో మనమే తేల్చుకోవాలె.

ముందుగాల పేర్ల సంగతి. "లోకల్" అనే ఒక్క మాటతోని మనం మూడు రకాల సామాన్ను పిలుస్తున్నం. ఒకటి, కారు కంపెనీకి సామాను చేసిచ్చే ఫ్యాక్టరీలే తమ సొంత పేరుతోని బజార్ల అమ్మేది. కారు కంపెనీ అన్నీ తనే చెయ్యదు. లైట్లు లూమాక్స్ అసొంటోళ్లు చేస్తరు, అద్దాలు అసాహీ, సెయింట్ గోబెయిన్ అసొంటోళ్లు చేస్తరు. అదే సరుకు కారు కంపెనీ డబ్బాల పడితే రేటు పెరుగుతది. రెండోది, వేరే ఫ్యాక్టరీ అచ్చు తీసి తన పేరుతోనే అమ్మేది. ఇది దొంగ సరుకు కాదు, కాకపోతే నాణ్యత ఒక్కోటి ఒక్కో తీరుగ ఉంటది. మూడోది అసలు డూప్లికేట్: కంపెనీ డబ్బా, కంపెనీ హోలోగ్రాం, లోపల నాసిరకం. ట్రేడ్ మార్క్స్ చట్టం కింద దీనికి ఆరు నెలల నుంచి మూడేండ్ల దాక జైలు. మొదటి రెండింటిని చూసి భయపడుడు, మూడోదాన్ని "కంపెనీదే" అని నమ్మి పైసలు పెట్టుడు – మన దగ్గర జరుగుతున్నది ఇదే.

ఇగ అసలు ముచ్చట. కారుకు మన ఒంటికున్నట్టే తోలు ఉంటది, బొక్కలుంటయి. బంపర్ పై కవర్, ఫెండర్, గ్రిల్, అద్దం డొప్ప, మడ్‌గార్డ్ లోపలి ప్లాస్టిక్ – ఇవి తోలు. ఇవి పగిలినా పానానికేం కాదు. మంచి లోకల్ పార్ట్ దొరికితే ఎయ్యచ్చు, లేకుంటే పాతదాన్నే బాగు చేయించచ్చు. బంపర్ కవర్ ఎనుక ఒక ఇనుప అడ్డపట్టీ ఉంటది, చాన కార్లల్ల దాని ముంగట ఫోమ్ దిమ్మె గూడ ఉంటది. అవి బొక్కలు. చాసిస్ పట్టీలు, డోర్ల నడుమ పిల్లర్లు, స్టీరింగ్, సస్పెన్షన్, సీట్ బెల్టు, ఎయిర్‌బ్యాగ్ – ఇవన్నీ బొక్కలే. వీటి కాడ లోకల్ మాటే ఎత్తొద్దు.

బాధేందంటే, మన దగ్గర చౌక పనిల ఎక్కువ మాయమయ్యేది ఆ ఎనుక పట్టీనే. పైన బంపర్ తళతళ మెరుస్తది, లోపల ఫోమ్ ఉండది, పట్టీ వంగిందాన్నే సుత్తెతోని కొట్టి పెడ్తరు. మల్ల గుద్దితే దెబ్బ సీదా లోపలికి వస్తది. కవర్ పెట్టకముందే నిలబడి లోపల చూసుకో తమ్మీ, ఫోన్ల ఫొటో తీసుకో. పిల్లర్లకు, చాసిస్‌కు చాన కొత్త కార్లల్ల గట్టి రకం ఉక్కు ఉంటది. గ్యాస్ మంట పెట్టి సీదా చేస్తే దాని బలం పోతది. పేలిన ఎయిర్‌బ్యాగ్ జాగల పాతది తెచ్చి కుట్టుడు, మీటర్ల లైటు వెలగకుంట వైరు కలుపుడు అయితే నేరుగ మనిషిని చంపే పని.

బానెట్ ఈ రెండింటి నడుమ ఉంటది. చూస్తే తోలే, కానీ గుద్దినప్పుడు నడుమ మడత పడాలె, ఎనుకకు జారి అద్దంల నుంచి లోపలికి రావొద్దు. లోకల్ బానెట్ ఏసినా తాళం, కీళ్లు కంపెనీవే పెట్టియ్యి. బండి ముంగట ఇనుప గార్డులు పెట్టేటోళ్లకు గూడ ఒక మాట: కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్లనే అవి వద్దన్నది. ఆ గార్డు దెబ్బను సీదా చాసిస్‌కు పంపుతది, ఎయిర్‌బ్యాగ్ సెన్సార్ లెక్క తప్పుతది. ఎదురుంగ నడిచిపోయే మనిషికైతే అది గొడ్డలి తీరే.

లోకల్ ఫెండరో డోరో కొంటే రంగు కొట్టకముందే బండికి పెట్టి చూడుమను. సందులు రెండు దిక్కుల సమానంగ ఉన్నయా, బోల్టు రంధ్రాలు కలిసినయా చూడు. రంగు పడ్డంక దుకాణపాయన వాపస్ తీసుకోడు. ఇంకో పరీక్ష: పార్ట్ మీది నల్ల ప్రైమర్ను థిన్నర్ గుడ్డతోని ఒక మూలకు గట్టిగ రుద్దు. కంపెనీ పూత ఊడది. గుడ్డ నల్లగైతే అది ఉత్త రంగే, దాన్ని గీకి మల్ల మంచి ప్రైమర్ కొట్టకుంటే రెండు వానకాలాలకు తుప్పు బయటపడ్తది.

అసలు మార్చాల్నా అన్నది ముందుగాల అడగాల్సిన ప్రశ్న. ఇనుప రేకు చినగకుంట సొట్ట పడితే మంచి టింకరింగ్ మేస్త్రి ఎనుక నుంచి దిమ్మె పెట్టి, సుత్తెతోని మెల్లగ లేపుతడు. కంపెనీ రేకు కంపెనీ రేకే ఉంటది, చౌక కొత్త డోరు కన్న అదే నయం. పనిమంతుడు కానోడు సొట్టను లేపకుంట లప్పం నింపుతడు. లప్పం రెండు మూడు మిల్లీమీటర్లు దాటితే ఎండకు, గుంతల దెబ్బకు పగులుతది. చిన్న అయస్కాంతాన్ని గుడ్డల చుట్టి రేకు మీద పెట్టు. పట్టు వదులైన కాడ లప్పం మందంగ ఉన్నట్టు. పాత కారు కొనేటప్పుడు గూడ ఇదే పని చెయ్యి. ప్లాస్టిక్ బంపర్ చీలితే ప్లాస్టిక్ వెల్డింగ్ చేస్తరు, కానీ రంగుకు ముందు ప్లాస్టిక్ ప్రైమర్ పడాలె, లేకుంటే పొరలు పొరలుగ లేస్తది.

ఇన్సూరెన్స్ ఉంది కదా, అంత కొత్తదే ఎయ్యుమంటరు కొందరు. లెక్క చూడుండ్రి. సొంత కారు, 1500 సీసీ లోపలిది, జీరో డిప్రిసియేషన్ లేని మామూలు పాలసీ అనుకుందం. ప్లాస్టిక్ సామాన్లకు సగమే ఇస్తరు. 10,000 రూపాయల బంపర్‌కు 5,000. అందుల మనం పెట్టుకోవాల్సిన 1,000 పోతే 4,000. మూడేండ్లు క్లెయిమ్ చెయ్యనోనికి ఇప్పుడు 35 శాతం తగ్గింపు ఉంటది, ఈ ఏడు గూడ చెయ్యకుంటే 45 అయితది. క్లెయిమ్ చేస్తే సున్న. కారు డ్యామేజీ ప్రీమియం 8,000 అయితే పోయేది 3,600. ఈ బంపర్ మీద నీకు మిగిలింది నాలుగు వందలు. తగ్గింపు మల్ల 20 శాతం కాడి నుంచి మొదలైతది కాబట్టి ఎనుకటేండ్ల నష్టం వేరే. లోహపు సామానుకైతే బండి వయసును బట్టి కోత: ఆరు నెలల లోపు ఏం లేదు, అయిదేండ్లు దాటితే 40 శాతం, పదేండ్లు దాటితే సగం. పెద్ద దెబ్బలకే క్లెయిమ్ దాచుకో.

వారంటీ బెదిరింపు సంగతి. షంషేర్ కటారియా అనే ఆయన ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టుల 14 కారు కంపెనీలకు 2,544 కోట్ల జరిమానా ఏసింది. స్పేర్ పార్టులు, రిపేర్ పరికరాలు బయట మెకానిక్‌లకు దొరకకుంట తొక్కిపెడుతున్నరని తేల్చింది. బయట చేయిస్తే మొత్తం వారంటీ రద్దు అనే షరతు పెట్టొద్దన్నది. కంపెనీలు పైకోర్టులకు పోయినయి. బయట చేసిన పనితోనే ఏదన్న చెడిపోతే దానికి కంపెనీ బాధ్యత కాదు, అది న్యాయమే. కానీ ఆటోనగర్ల ఫెండర్ ఏపిచ్చినందుకు ఇంజిన్ వారంటీ పోదు. మన ఆటోనగర్ మేస్త్రికి కొత్త కార్ల పని రాదని ఎక్కిరిచ్చేటోళ్లు, ఆ పని పుస్తకాన్ని ఆయనకు ఎవలు అందనియ్యలేదో గూడ అడగాలె.

బిల్లు లేకుంట తీసుకుంటే జీఎస్టీ మిగులుతదని దుకాణాల చెప్తరు. 2025 సెప్టెంబర్ 22 నుంచి కారు సామాన్ల మీద 28 పోయి 18 శాతమే అయింది. ఆ 18 కోసం బిల్లు వదులుకుంటే డూప్లికేట్ అని తేలిననాడు చేతిల ఏమీ ఉండది. బిల్లు మీద పార్ట్ నంబర్ రాయించు, తీసిన పాత సామాను నీకే ఇయ్యమని పని మొదలుగాకముందే చెప్పు. మోసం జరిగితే 1915 కు ఫోన్ చెయ్యి. తెగకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్ల కేసెయ్యచ్చు. నువ్వు కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు గూడ లేదు, వకీలు లేకుంట నువ్వే మాట్లాడుకోవచ్చు.