నక్షత్రములు ఎందుకు, ఎట్లు పుట్టును?

గ్రేట్ నికోబార్ దక్షిణాగ్రమైన ఇందిరా పాయింట్ భూమధ్యరేఖకు ఏడు డిగ్రీలలోపే యుండుటచే, ఢిల్లీ వాసులకు దిఙ్మండలము క్రిందనే దాగియుండు పెద్ద మాజెల్లాన్ మేఘము, జనవరి రాత్రులందు ఆకసము నిర్మలమైనచో, అచ్చట దక్షిణ సముద్రముపై మసక వెలుగుగా గోచరించును. పేరునకు మేఘమైనను, అది 1,60,000 కాంతి సంవత్సరముల దూరమున నున్న చిన్న గెలాక్సీ. అందలి టరాంటులా నీహారికలో నేటికిని నక్షత్రములు జన్మించుచున్నవి.

ఎందుకు?

గెలాక్సీ తన గురుత్వాకర్షణచే హైడ్రోజన్ వాయువును, ధూళిని చెదరిపోనీయక పట్టియుంచును. వాయువు వేడిగా నున్నంతకాలము దాని పీడనము సంకోచమును అడ్డగించును. సున్నకు దిగువ సుమారు 260 డిగ్రీలకు చల్లబడి చిక్కనైనచోట, ఆ పీడనము సన్నగిల్లి, గురుత్వమునకే పైచేయి యగును.

ఎలా?

అట్టి మేఘము, ఒక్కొక్కప్పుడు చెంతనే పేలిన నక్షత్రపు తాకిడిచే మరింత నొక్కబడి, ముక్కలు కాగా, ప్రతి ముక్కయు తనలోనికి తానే కూలుచు, కూలినకొలది వేడెక్కును. కేంద్రమున ఉష్ణోగ్రత సుమారు కోటి డిగ్రీలకు చేరగానే హైడ్రోజన్ కేంద్రకములు సంలీనమై హీలియముగా మారును. అందు వెలువడు శక్తి గురుత్వమును ఎదిరించి నిలువగా, సంకోచ మాగి, నక్షత్రము స్థిరపడును.

సూర్యునివంటి తారకు ఇందుకు సుమారు 5 కోట్ల సంవత్సరములు పట్టును. బరువైనవి అంతకంటె మిక్కిలి త్వరగా రూపొందును. మన సూర్యుని వయస్సు 460 కోట్ల యేండ్లు కాగా, టరాంటులా నడిమి తారాగుచ్ఛమునకు సుమారు 10–20 లక్షలే!