ఏ వూళ్లో కాపురం?

కొత్తగా పెళ్లయినవాణ్ణి మన పెద్దలు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: "కాపురం యే వూళ్లో పెడుతున్నావు?" విచిత్రమేమిటంటే, యీ కాలపు కంప్యూటరు ఆటలు కూడా మొదట యీ ప్రశ్నే అడుగుతున్నాయి.

మా మేనల్లుడు తీరిక దొరికినప్పుడల్లా అలాంటి ఆట ఒకటి ఆడుతుంటాడు. దాని పేరు 'ది సిమ్స్'. అందులో గెలుపూ లేదు, ఓటమీ లేదు. ఒక మనిషిని తయారుచేసి, వాడికో పేరూ స్వభావమూ యిచ్చి, ఒక వూళ్లో దించి బతికించడమే ఆట. వాడు వండుకోవాలి, నిద్రపోవాలి, ఉద్యోగానికి పోవాలి, స్నేహాలు చేసుకోవాలి. అమెరికాకు చెందిన విల్ రైట్ దీన్ని రూపొందించాడు; 2000లో బయటికి వచ్చింది. అంతకుముందు 1991లో కాలిఫోర్నియాలోని ఓక్‌లండ్ కొండల మీద రేగిన మంటల్లో ఆయన యిల్లు కాలిపోయింది. పోయిన సామాను మళ్లీ ఒక్కొక్కటిగా అమర్చుకుంటున్న రోజుల్లో యీ ఆట ఆలోచన రూపు కట్టింది. కాపురం మొదటినుంచీ పెట్టడమంటే యేమిటో అనుభవించి తెలుసుకున్నవాడు చేసిన ఆట అన్నమాట!

2014లో వచ్చిన నాలుగో ఆటలో యెంచుకోవడానికి మొదట రెండే వూళ్లు వుండేవి. విల్లో క్రీక్‌లో యేరూ, పచ్చని చెట్లూ. ఒయాసిస్ స్ప్రింగ్స్‌లో ఎండా, యెడారీ. ఒంటరిగా దిగేవాడి చేతిలో 20,000 'సిమోలియన్లు' పెడతారు. అది ఆ లోకపు రూపాయి. మావాడు రెండు నిమిషాల్లో యెడారి వూరికి వోటు వేశాడు.

"అదేమిట్రా?" అన్నాను.

"మన అనంతపురం మాదిరుంది మామా" అన్నాడు.

అంత సులువుగా వూరు యెంచుకున్న మనిషి, నిజంగా కాపురం పెట్టవలసి వచ్చేసరికి మూడు నెలలు తేల్చుకోలేకపోయాడు. అతను పుట్టి పెరిగింది హిందూపురం. ఉద్యోగం పెనుకొండ దగ్గర, కార్ల విడిభాగాలు చేసే ఒక కర్మాగారంలో. పెళ్లాడింది ధర్మవరం పిల్లను. పట్టుమగ్గం మీద చేయి తిరిగిన పిల్ల. మూడూ శ్రీ సత్యసాయి జిల్లా వూళ్లే. మూడింటినీ ఒకే రైలుదారి కలుపుతుంది. అయినా దేని తీరు దానిదే. చివరికి పంచాయితీ మేనమామనైన నా దగ్గరికి వచ్చింది.

మొదట హిందూపురం సంగతి చూడండి. గుత్తి నేలిన మరాఠా వీరుడు మురారిరావు తండ్రి హిందూరావు పేరు మీద వెలసిన వూరంటారు. లేపాక్షి బసవన్న కూతవేటు దూరం. బెంగుళూరు నూరు కిలోమీటర్లు. బజారులో తెలుగూ కన్నడమూ ఉర్దూ ఒకే బేరంలో వినిపిస్తాయి. చింతపండు, బెల్లం, ఎండుమిర్చి, పట్టుగూళ్లు — అన్నిటికీ యిక్కడ మార్కెట్టు వుంది. చేతిలో కొద్దిపాటి డబ్బూ, నోట్లో మంచి మాటా వున్నవాడు బతుకు మొదలుపెట్టడానికి యింతకంటె అనువైన చోటు లేదు. మావాడికి వాళ్లమ్మ యిల్లు కూడా అక్కడే. అద్దె లేదు.

పెనుకొండ కథ వేరు. 1565లో రక్కసి–తంగడి యుద్ధంలో విజయనగరం కూలిపోయాక, తిరుమలరాయలు రాజధాని పెట్టుకోవడానికి యీ కొండనే యెంచుకున్నాడు. కారణం సులభం: కొండ మీది కోట శత్రువుకు అందదు. ఆ తరువాత రాజధాని చంద్రగిరికి తరలిపోయింది. కొండా, గగన్ మహలూ మిగిలాయి. ఒకప్పటి రాజధానికి నగర పంచాయతీ యెన్నికలు జరిగింది 2021లో! ఈలోగా మరో పరదేశపు దొర వచ్చి యీ చోటునే మెచ్చాడు. కొరియా దేశపు కియా కంపెనీ 2017లో ఒప్పందం చేసుకుని, యెర్రమంచి దగ్గర యేడాదికి మూడు లక్షల కార్లు తయారుచేయగల కర్మాగారం కట్టింది. 2019 నుంచి కార్లు బయటికి వస్తున్నాయి. పక్కనే జాతీయ రహదారి, అందుబాటులో బెంగుళూరు, గొల్లపల్లి జలాశయానికి హంద్రీ–నీవా తెచ్చిన కృష్ణమ్మ నీరు — యివన్నీ కలిసివచ్చాయి. అక్కడ వుంటే మావాడికి పని గడపలోనే. అయితే ఆ అమ్మాయికి?

ఆ అమ్మాయి వూరు ధర్మవరం. చీర కట్టే ప్రతి యింటికీ ఆ పేరు తెలుసు. 'ఆంధ్ర నాటక పితామహు'డని పేరు పొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి వూరు కూడా. అక్కడి పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అయితే గుర్తింపు కడుపు నింపదు. మరమగ్గం చీర చౌకగా వచ్చి కూర్చుంటే, పట్టు ధర పెరిగితే, చేతిమగ్గం నేతగాడు నలిగిపోతాడు. అందుకే మావాడు, "నేత మానేసి పెనుకొండకు రమ్మను మామా, నా జీతం చాలు" అన్నాడు.

ఆ అమ్మాయిని పిలిచి అడిగాను. తల వంచుకునే, తొణక్కుండా చెప్పింది.

"మగ్గానికి గుంత తవ్వనిచ్చే నేల కావాలి మామయ్యా. జాకార్డు పట్టేంత యెత్తు కప్పు కావాలి. పట్టు యిచ్చి చీర తీసుకునే షావుకారు వుండాలి. రంగులు వేసేవాళ్లు, పడుగు అతికేవాళ్లు, అట్టలు కొట్టేవాళ్లు పిలిస్తే పలకాలి. యివన్నీ మా వీధిలో వున్నాయి. ఆయన బస్సెక్కి పనికి పోగలడు. మా వీధి బస్సెక్కదు కదా!"

నాకు తీర్పు అక్కడే దొరికింది. ఆటలో యే వూళ్లో దిగినా అదే ఉద్యోగం, అదే జీతం. యెడారిలోనూ కుళాయి తిప్పితే నీళ్లే. యేడాదికి 550 మిల్లీమీటర్ల వానకు అటూయిటూగా బతికే మన సీమలో వూరు అంత మంచిది కాదు. ఒక్కొక్క వూరు ఒక్కొక్క పనికే చోటిస్తుంది. కొండ కదలదని తిరుమలరాయలు కొండ దగ్గరికే వచ్చాడు. యింట్లో యిద్దరు సంపాదించేటప్పుడు, యెవరి పని కదలదో వారి వూళ్లో కాపురం పెట్టాలి, కదలగలిగినవారు కదలాలి. ఆ కదిలేది యెప్పుడూ ఆడపిల్లే కావాలని యే శాస్త్రంలోనూ లేదు.

అలాగే జరిగింది. ధర్మవరంలో చిన్న యిల్లు అద్దెకు తీసుకున్నారు. మావాడు తెల్లవారకముందే లేచి పెనుకొండ దారి పడుతున్నాడు. రాత్రి షిఫ్టు వారాల్లో భార్యాభర్తలు సరిగా మాట్లాడుకునేది ఆదివారమే. ఖర్చు లేని నిర్ణయమని నేననను. కాని కిందటి నెల యజమాని కర్మాగారంలో పని తగ్గించినప్పుడు యింటి అద్దె కట్టింది మగ్గమే.

మా అక్క మాత్రం హిందూపురంలో ఒంటరిగా వుంది. కొడుకు దూరమయ్యాడని మొదట అలిగింది. యిప్పుడు ఆదివారం రైలుకు వాళ్లు వస్తారని శనివారమే చింతపండూ బెల్లమూ మూట కట్టి పెడుతున్నది.