మీకు తెలుసా? కార్డు మీద చూడాల్సింది చిన్న అంకెనే

కెమెరా మెమరీ కార్డు మీద కొట్టొచ్చినట్టు కనిపించే 200 ఎంబీ అనే అంకె సాధారణంగా చదివే వేగం. తీసిన ఫొటోలను కంప్యూటర్‌లోకి ఎక్కించుకునేటప్పుడు పనికొచ్చేది. అదీ ఆ కంపెనీ చెప్పిన రీడర్ ఉంటేనే. ఎందుకంటే మామూలు యూహెచ్‌ఎస్-1 కార్డుకు ప్రమాణం ప్రకారం హద్దు సెకనుకు 104 ఎంబీ. కెమెరాకు కావాల్సింది రాసే వేగం. దాన్ని చాలా కార్డుల మీద వేయనే వేయరు.

వీడియో తీసేవాళ్లు వెతకాల్సింది ‘వి’ పక్కనున్న చిన్న అంకెను. వి30 అంటే ఎడతెగకుండా రాస్తున్నా వేగం సెకనుకు 30 ఎంబీకి తగ్గదని హామీ. వి60, వి90 కూడా అంతే. ‘యు’లో 3 ఉన్నా 30 ఎంబీయే. ఇక సి10, యు1, వి10 మూడూ చెప్పేది ఒక్కటే: 10 ఎంబీ. కొనేవాణ్ణి తికమక పెట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి!

కెమెరా మెనూలో 4కె పక్కన 100 ఎంబీపీఎస్ అని ఉంటే అవి మెగాబిట్లు, కార్డు మీదవి మెగాబైట్లు. 8తో భాగించండి. సెకనుకు 12.5 ఎంబీ, అంతే. వి30 హాయిగా సరిపోతుంది, వి90కి వేలు పోయడం దండగ. అదే 400 ఎంబీపీఎస్ అయితే 50 ఎంబీ కావాలి. అక్కడ వి30 పెట్టుకుని పెళ్లికి వెళ్తే తలంబ్రాల మధ్యలో రికార్డింగ్ ఆగిపోవచ్చు.

కార్డు వెనక్కి తిప్పి చూడండి. బంగారు రంగు పిన్నులు రెండు వరుసలుంటే యూహెచ్‌ఎస్-2. కెమెరా స్లాట్ యూహెచ్‌ఎస్-1దే అయితే ఆ రెండో వరుసకు పెట్టిన డబ్బు వృథా.

కార్డు పక్కనున్న లాక్ మీటకూ లోపలి చిప్‌కూ ఏ సంబంధమూ లేదు! మీట ఎటుందో కనిపెట్టేది స్లాటే. మీట ఊడిపోతే కెమెరా కార్డు లాకైందని మొరాయిస్తుంది. మీట ఉండే గాడి మీద సన్నటి టేపు ముక్క అతికిస్తే అప్పటికి గండం గడుస్తుంది.

ఎస్‌డీ లోగోలోని ‘డి’ డిస్కులా ఎందుకుంటుందంటే, తోషిబా ఆ లోగోను మొదట డీవీడీ రాకముందు అనుకున్న ఒక డిస్కు కోసం గీయించింది. 1999లో కార్డుకు వాడేసుకున్నారు.

64 జీబీ కార్డు కంప్యూటర్‌లో 59 పైచిలుకు చూపిస్తే మోసం కాదు. కంపెనీ లెక్క వెయ్యితో, విండోస్ లెక్క 1024తో. అసలు మోసం పూర్తిగా 512 చూపించి లోపల 32 మాత్రమే ఉండటం. ఆ 32 నిండేదాకా బాగానే నడుస్తుంది, ఆ తర్వాత తీసినవేవీ దక్కవు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ కార్డును అంచుదాకా నింపి, తిరిగి చదివి బండారం బయటపెడుతుంది. పెద్ద కార్డుకు గంటలు పడుతుంది. అయినా వాపసు గడువు దాటకముందే ఆ పని కానిచ్చేయండి.