వైద్యలేఖనమున వాగాదేశములు : తెలుగు వాక్యనిర్మాణము

వైద్యుడు రోగిని చూచునపుడు రెండు పనులు చేయవలసియుండును. ఒకటి రోగి మాట వినుట, రెండవది విన్నదానిని వ్రాయుట. రోగులు హెచ్చి కాలము చాలనిచోట ఈ రెంటిలో నేదో యొకటి కుంటుపడును. నోట పలికినదానిని యంత్రము వ్రాసిపెట్టు డిక్టేషన్ పద్ధతి యీ కొరతను తీర్చుటకు వచ్చినది. ఇందు రెండంశములు కలవు: పలికినమాట లిపిగా మారుట మొదటిది, మాటతోనే యంత్రమునకు పని చెప్పుట రెండవది. "కొత్త పేరా", "ఆ మాట తీసెయ్", "పరీక్ష భాగానికి వెళ్ళు" అనునవి రెండవ తరగతివి. వీనిని వాగాదేశములనవచ్చును. చేతిని కీబోర్డుపై పెట్టకుండ లేఖనము ముగించుటకు ముఖ్యాధార మివియే. కాని ఇంగ్లీషు ఆదేశములను తర్జుమా చేసినంతమాత్రమున తెలుగు ఆదేశములు సిద్ధింపవు. అందులకు కారణము తెలుగు వాక్యనిర్మాణముననే కలదు.

ఈ శాస్త్రచరిత్రలో తెలుగువారికి భాగము లేకపోలేదు. నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరున 1937లో జన్మించిన రాజ్ రెడ్డి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములందు యంత్రములకు వాక్కు నెరింగించు పరిశోధన నడపెను. కార్నెగీ మెలన్‌లో 1976 నాటికి సిద్ధమైన హార్పీ యను వ్యవస్థ 1,011 మాటలను గుర్తింపగలిగెను. రాజ్ రెడ్డికి 1994లో ట్యూరింగ్ బహుమానము లభించినది. అచటనే పరిశోధన చేసిన జేమ్స్ బేకర్, జానెట్ బేకర్ దంపతులు 1982లో నెలకొల్పిన డ్రాగన్ సిస్టమ్స్ సంస్థ, ధారాళముగా పలికినదానిని వ్రాయు సాధనమును 1997లో వెలువరించెను. తెలుగుతో గూడ ఎనిమిది భారతీయభాషలకు గూగుల్ 2017లో ఈ సౌకర్యమును చేర్చెను. భారతప్రభుత్వపు భాషిణి ప్రణాళిక 2022లో ఆరంభమైనది.

ఢిల్లీలో యమునకు తూర్పున నోయిడా దిక్కుగా నున్న మయూర్ విహార్ వంటి తావును తలచినచో సమస్య తేటపడును. అచట పలుభాషల కుటుంబములు ఇరుగుపొరుగుగా వసించుచున్నవి. అట్టి పేటలో చికిత్సచేయు తెలుగు డాక్టరు సామాన్యముగా రోగితో హిందీ మాటాడును; కొడుకింటికి వచ్చిన తెలుగు ముసలమ్మతో తెలుగు మాటాడును; చీటీ మాత్రము ఇంగ్లీషున వ్రాయును. ఆమె చెప్పిన "గుండెల్లో దడ", "కాళ్ళ తిమ్మిరి" మొదలగు మాటలు ఇంగ్లీషులోనికి మారునపుడు కొంత యర్థమును కోల్పోవును. ఆ మాటలను తెలుగుననే నిలుపవలెనన్నచో యంత్రమునకు చెప్పు ఆదేశములును తెలుగున నుండుట మేలు. లేనిచో డాక్టరు వాక్యవాక్యమునకు భాష మార్చవలసివచ్చును.

మొదటి చిక్కు ఆదేశమునకును విషయమునకును గల భేదము. వాక్యాంతవిరామమునకు "చుక్క" యను మాటను ఆదేశముగా పెట్టిరనుకొందము. "కంట్లో రెండు చుక్కలు" అను వాక్యమున నదే మాట మందు పరిమాణమగును. "కామా" యనునది విరామచిహ్నము. "కోమా" స్పృహలేని స్థితి. రెంటికిని భేద మొక యచ్చు మాత్రమే. "కోలన్" చిహ్నమునకును పెద్దప్రేగునకును పేరు. భారతీయ వైయాకరణులకిది క్రొత్త ప్రశ్న కాదు. శబ్దము తన రూపమును తెలుపుచున్నదా, తన యర్థమును తెలుపుచున్నదా యను విచారమును పాణిని అష్టాధ్యాయి ప్రథమాధ్యాయముననే నిర్ణయించెను. తెలుగున "అని" శబ్దము అట్టి భేదమునే చూపును. కాని యది ఉటంకించిన మాట తరువాత వచ్చును. యంత్రమునకు ఆ సూచన ముందుగా కావలెను.

రెండవ చిక్కు క్రియాస్థానము. ఇంగ్లీషు ఆదేశమున క్రియ మొదట వచ్చును. తొలిమాట వినగనే యంత్రము జాగరూకమగును. తెలుగున క్రియ కడపట వచ్చును. "రెండో మందు తీసెయ్" అన్నపుడు "రెండో మందు" వరకు విన్న యంత్రమునకు నది ఆదేశమో విషయమో తెలియదు. పైగా "రెండో మందు తీసెయ్యాలి" యనునది చికిత్సానిర్ణయము. మొదటిది తెరపైని పంక్తిని చెరుపుమని యంత్రమునకు చెప్పుట. రెండవది ఆ మందును మాన్పవలెనని వ్రాయుట. భేదమంతయు క్రియాప్రత్యయమున నున్నది. ఆ ప్రత్యయము సరిగా వినబడనిచో, నిలుపవలసిన మందును గూర్చిన నిర్ణయము లేఖనమున నిలువక, మందు పేరే చెరిగిపోవచ్చును.

దీనికి సమాధానమును తెలుగు వాక్యపద్ధతియే చూపుచున్నది. "అమ్మా, నీళ్ళు తే" యన్నట్లు సంబోధన వాక్యాదిని నిలుచుట మనకు సహజము. వైద్యప్రసంగమున రాని యొక పదమును, "లేఖకా" వంటిదానిని, ప్రతి యాదేశమునకు ముందు చేర్చినచో సందిగ్ధము తొలగును. "లేఖకా, రెండో మందు తీసెయ్" అన్నపుడు యంత్రము మొదటనే మేల్కొనును. లారెన్స్ వీడ్ 1968లో ప్రచురించిన వ్యాసముచే ప్రసిద్ధమైన సమస్యానుసార లేఖనపద్ధతిలో రోగి చెప్పినది, వైద్యుడు చూచినది, నిర్ణయము, చికిత్స యను నాలుగు భాగములు కలవు. "లేఖకా, చికిత్స" యని యొక భాగమునుండి మరియొక దానికి దాటవచ్చును.

మూడవ చిక్కు వ్యతిరేకార్థము. ఇంగ్లీషున లేమిని తెలుపు మాట తరచుగా ముందు వచ్చును. తెలుగున "జ్వరం లేదు", "నొప్పి తగ్గలేదు" అని వాక్యాంతమున వచ్చును. స్వరము దిగుచోటు నదియే. వాక్యము ముగియకమునుపే తరువాతి యాదేశము నందుకొన్నచో "తగ్గలేదు" లోని "లే" మ్రింగుడుపడును. కావున ఆదేశమునకు ముందు ఒక్క క్షణము మౌనము అవసరము.

అంకెల విషయమున తెలుగునకు లాభమును నష్టమును గలవు. ఇంగ్లీషున "ఫిఫ్టీన్", "ఫిఫ్టీ" యనునవి ఒకదానినొకటి పోలును. "పదిహేను", "యాభై" యనునవి పోలవు. కాని "ఇరవై", "అరవై" అనువాని భేదము తొలియచ్చుననే కలదు. "అర మాత్ర", "ఆరు మాత్రలు" అనుచోట హ్రస్వదీర్ఘములే ముఖ్యభేదము. మోతాదును "రెండు, సున్న" యని అంకెకంకె పలుకుట క్షేమము.

ముందే వ్రాసియుంచిన పాఠమును ఒక్కమాటతో దింపు ఆదేశములు అన్నిటికంటె వేగమైనవి. "లేఖకా, గుండె మామూలు" అనగనే నాలుగు వాక్యములు తెరపై పడును. వానిలో డాక్టరు నిజముగా చూడని యంశ ముండినచో నది చూచినట్లు నమోదగును. వైద్యపత్రము వైద్యుని జ్ఞాపకార్థము మాత్రమే కాదు. ఆసుపత్రిలో చేరిన రోగి పత్రములను మూడేండ్లు భద్రపరుపవలెననియు, అడిగిన 72 గంటలలో నీయవలెననియు భారత వైద్యమండలి 2002 నాటి నియమములు విధించినవి. తరువాతి వైద్యుడు దానినే నమ్మి మందిచ్చును.

వ్యాసుడు విఘ్నేశ్వరునకు పెట్టిన నియమము, అర్థము గ్రహింపక వ్రాయరాదని. యంత్రలేఖకునిపై ఆ భారము మోపుటకు వీలులేదు, అది చెప్పినవానిదే. వ్రాసినదానిని డాక్టరు ఒకసారి చదివి ఒప్పుకొను పనిని ఏ యాదేశమును తప్పింపరాదు. తెలుగు ఆదేశపదములను కూర్చుటలో క్రియ యెచట వచ్చును, లేమి యెచట వినబడును, ఏ యచ్చు మారిన మోతాదు మారును అను ప్రశ్నలకు ఉత్తరము భాషాశాస్త్రజ్ఞు లీయవలసినది. ఈ విషయములు యంత్రనిర్మాతలకు అందినపుడే మయూర్ విహార్‌లోని ముసలమ్మ చెప్పిన మాట, ఆమె చెప్పినట్లే, ఆమె చీటీలో నిలుచును.