అతిథికి ముందు పరిచారకుడు

ఆరాంఘర్ కూడలికి చేరువనున్న కాటేదాన్ పేరు చెప్పగానే హైదరాబాదు వారికి కర్మాగారములు జ్ఞప్తికి వచ్చును. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము ప్రారంభమైన పిదప ఈ దక్షిణపు దారులలో వసతిగృహములు, భోజనశాలలు కూడ పెరిగినవి. విమానములకు రాత్రి, పగలు అను భేదము లేదు. కావున అతిథికిని లేదు. ఆ అతిథికి గది చూపువానికిని, కాఫీ అందించువానికిని లేదు.

ఇట్టిచోట హోటలు యజమానుల నోట వినవచ్చు మాట, ‘మనుష్యులు నిలుచుట లేదు’ అని. ఎట్లు నిలుతురు? ప్రక్కనే కర్మాగారమున్నది. అక్కడ షిఫ్టు ముగియగానే ఇంటికి పోవచ్చును. హోటలులోనో, ఉదయము ఫలహారముల వేళ నాలుగు గంటలు, రాత్రి భోజనముల వేళ నాలుగు గంటలు పని. నడుమ మధ్యాహ్నమంతయు ఎందుకును కొరగాకుండ పోవును. లెక్కకు ఎనిమిది గంటలే, మనిషికి మాత్రము దినమంతయు పోయినట్లే. ఈ విరిగిన పనివేళను సరిచేసి, వారపు సెలవును ముందుగా గోడమీద వ్రాసిపెట్టి, రాత్రి పని ముగించిన స్త్రీలను ఇల్లు చేర్చు ఏర్పాటు చేసినచో, జీతము పెంచినను నిలువనివారు సైతము నిలుచుట కద్దు.

మెప్పు సంగతి ఆ తరువాతిది. దీనికి దూరము పోనక్కరలేదు. కాటేదాన్‌కు సమీపముననే ఫలక్‌నుమా కొండ యున్నది. వికారుల్ ఉమరా కట్టించిన ఆ సౌధము 2010 నుండి తాజ్ వారి హోటలు. ఆ సంస్థ 2001లో ‘స్టార్స్’ అను పద్ధతిని ప్రవేశపెట్టినది. అతిథి మెచ్చుకొన్నను, తోటి ఉద్యోగి మెచ్చుకొన్నను పనివానికి మార్కులు చేరును. పైవారు 48 గంటలలో నిర్ణయము చేయనిచో ఆ మార్కులు వానికే దక్కును. ఆలస్యపు నష్టమును పైవారిపై వేసిన ఈ ఏర్పాటు నాకు మిక్కిలి నచ్చినది. సంవత్సరాంతమున సభ చేసి శాలువ కప్పుటకన్న ఇది మేలు.

2008 నవంబరు 26న బొంబాయి తాజ్‌పై దాడి జరిగినపుడు సిబ్బంది తాము తప్పించుకొనక అతిథులను దాటించిరి. కొందరు ప్రాణములే కోల్పోయిరి. 2011 డిసెంబరులో హార్వర్డు బిజినెస్ రివ్యూ పత్రిక ఈ ప్రవర్తనకు కారణములు వెదకి, చిన్న పట్టణములనుండి యువకులను ఎన్నుకొనుట, 18 నెలల శిక్షణ, ఈ మెప్పు పద్ధతి అనువానిని చూపినది. పనివాడు సంస్థ పక్షమున గాక అతిథి పక్షమున నిలువవలెనని అచట నేర్పుదురట.

చిన్న హోటలుకు అంత శిక్షణ సాధ్యము కాదు. కాని చల్లారిన దోసెను మార్చి యిచ్చుటకు వడ్డించువాడు గల్లాపెట్టె వద్దకు పరుగెత్తి అనుమతి వేడవలసిన పని యేమి? ఆ మాత్రపు అధికారము వానికిచ్చుటకు కానీ ఖర్చు కాదు.

టిప్పు విషయమున మన గృహస్థులకును సంబంధమున్నది. బిల్లులో సేవారుసుమును నిర్బంధముగా కలుపరాదని 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పినది. ఇక బల్లపై మనముంచు డబ్బు వడ్డించినవాని జేబులోనికి పోవును. వెనుక పొయ్యి దగ్గర చెమటోడ్చినవాడు మనకు కనబడడు. ఒక్క పెట్టెలో వేయించి, వంటవారిలో ఒకరు, వడ్డించువారిలో ఒకరు కలిసి వారమునకొకమారు లెక్కించుట మంచిది. అంట్లు తోమువాని వాటాతో సహా అన్నియు పలకమీద వ్రాసి, అందరు చూచునట్లు వంటింటి గోడకు తగిలింపవలెను.